నురగ రాని నెత్తురు

కరోనాకు ముందు సంవత్సరం, కార్తీక మాసపు వానలు. తిరుపతిలో మా పళ్ల ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే కొండ ఉండాల్సిన చోట మబ్బు తప్ప ఏమీ కనిపించేది కాదు. పైకి వెళ్లే బస్సులు ఆ తెల్లదనంలోకి ఒక్కొక్కటే కరిగిపోయేవి. నేను అక్కడ నర్సును. అలాంటి ఒక మధ్యాహ్నం వడమాలపేట నుంచి మోక్షిత వచ్చింది. రెండో తరగతి పిల్ల. వెంట తల్లి లత, నాయనమ్మ మునెమ్మ ఉన్నారు.

పాప చిగుళ్లలో పుండు. ఎన్ని మందులు వాడినా మానడం లేదు. ముందు పాలపన్ను ఒకటి కదులుతోంది, దాని చుట్టూ చిగురు నల్లబడుతోంది.

"అన్నం నమల్లేకుండా ఉండాది తల్లీ. గంజి తాగిస్తా ఉండాము," అంది మునెమ్మ.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పుండు కడగడం మాకు రోజూ ఉండే పనే. చూడ్డానికి నీళ్లలా ఉంటుంది. నెత్తురు తగిలిందంటే చాలు, తెల్లటి నురగ పొంగుతుంది. ఆ రోజు మందులో ముంచిన దూదిని పాప చిగురుకు అద్దాను. నురగ రాలేదు. నెత్తురు మెల్లమెల్లగా కాఫీ డికాక్షన్ రంగులోకి తిరిగింది. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కలలో ఏదో జరుగుతున్నట్టు అలాగే చూస్తూ ఉండిపోయాను.

మందు పాతబడిందేమో అనిపించింది. పక్క కుర్చీలో ఒకాయన అప్పుడే పన్ను తీయించుకున్నారు. ఆయన ఉమ్మిన దూది మీద అదే సీసాలోంచి ఒక చుక్క వేశాను. బుసబుసా పొంగింది. డాక్టరమ్మను పిలిచాను. ఆవిడ పాప చిగురునూ, ఆ దూదినీ మార్చి మార్చి చూశారు.

"చదువుకునేటప్పుడు విన్నాను. కళ్లతో చూస్తాననుకోలేదు," అన్నారు.

తర్వాత లతను కూర్చోబెట్టి చెప్పారు. "మన నెత్తుట్లో క్యాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుందమ్మా. పెరాక్సైడ్ ఒంటికి చేటు చేస్తుంది. క్యాటలేజ్ దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది. నురగలో ఉండేది ఆ ఆక్సిజనే. పాపకు ఈ ఎంజైమ్ లేనట్టుంది."

"మేము పాపకు ఆ మందు ఎప్పుడూ వెయ్యలేదు మేడం."

"వెయ్యక్కర్లేదు. నోట్లో ఉండే క్రిములే కొంచెం కొంచెంగా దాన్ని తయారు చేస్తాయి. మనకేమీ కాదు. పాపకు మాత్రం అది నెత్తురును పాడుచేసి, అక్కడి కండ ఆక్సిజన్ అందక చచ్చిపోతుంది. వదిలేస్తే దవడ దాకా పోతుంది."

"యాడ నుంచి వచ్చిందమ్మా ఈ రోగం?" అని అడిగింది మునెమ్మ.

"పుట్టుకతోనే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం."

"మా ఇంట్లో ఇట్లాంటిది ఎవురికీ లేదు. దీని అమ్మోళ్ల వైపు నుంచే వచ్చుంటాది." లత ఆమెకు సొంత తమ్ముడి కూతురు, అంటే ఆ వైపు ఆమె పుట్టిల్లే. అయినా ఆ మాట అనేసింది. లత తల వంచుకుని పాప జడ సర్దుతూ కూర్చుంది.

పన్ను తీసేశాం, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం, పెరాక్సైడ్ దగ్గరికి రానివ్వలేదు. పాపది, తల్లిదండ్రులది నెత్తురు పరీక్షకు వేలూరు ఆసుపత్రికి పంపించాం. పాపలో క్యాటలేజ్ దాదాపు లేదు. తల్లిలో సగం ఉంది, తండ్రిలోనూ సగమే. సగం ఉన్నవాళ్లకు జబ్బు రాదు, కానీ ఆ లోపం బిడ్డకు చేరవచ్చు.

మునెమ్మ ఆ మాట వింది. చీర కొంగు పక్కకు తీసి నా ముందుకు చెయ్యి చాపింది. "నాది కూడా తియ్యి తల్లీ," అంది. ఎవరూ అడగలేదు. కావాలంటే అక్కడితో వదిలేసి ఉండవచ్చు.

ఆమెలోనూ సగమే ఉంది.

"నా నుంచి నీ మొగుడికి, మా తమ్ముడి నుంచి నీకు వచ్చుంటాది లతా. నిన్ను ఊరికే అన్నాను," అంది మునెమ్మ.

"నువ్వేమన్నా కావాలని ఇచ్చినావా అత్తా," అంది లత. అంతే. ఇద్దరూ పాప చెరో చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు.

జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం వేరు, దాన్ని ఎవరి నెత్తిన వేయాలా అని వెతకడం వేరు. రెండో దానిలో పడితే బిడ్డ పక్కకు పోతుంది. ఈ తేడా నాకు చెప్పింది, అడగకముందే చాపిన ఆ ముసలి చెయ్యి.

పుండు మానింది. రాత్రి పళ్లు తోమించే పని మునెమ్మ తన మీద వేసుకుంది. కొన్ని నెలల తర్వాత మనవరాలిని తీసుకుని ఒక్కతే వచ్చింది. పాప పై పెదవిని వేలితో పైకెత్తి, "సూడు తల్లీ, కొత్త పన్ను," అంది.

బియ్యపు గింజంత, తెల్లగా ఉంది.