నైట్ షిఫ్టోని వాకిట్ల బిర్యానీ

ఏంది చెల్లె, బెల్ ఎందుకు కొట్టలేదంటవా? ఎట్ల కొడ్త? కిటికీకి మందం దుప్పటి కట్టున్నది, దర్వాజ కాడ బొగ్గు బూట్లు. లోపల నైట్ షిఫ్ట్ మనిషి పండుకున్నడని గుడ్డిదానికి గూడ ఎర్కయితది!

మొదటికెల్లి చెప్త, నవ్వకు. మీ బావ పోయి మూన్నెల్లాయె గదా. ఇంట్ల గోడలు చూస్కుంట కూసుంటున్ననని మా కోడలు స్వప్న "లే అత్తమ్మా, బండెక్కు" అని, తిండి పార్సిళ్లు ఇయ్యవోయినప్పుడు నన్ను గూడ ఎన్క ఎక్కించుకుంటది. నిన్న పొద్దుగాల బొగ్గుబాయి కాలనీల ఒక్కపారే రెండు ఆర్డర్లు వడ్డయి.

"గీ బిర్యానీ గా క్వార్టర్ల ఇయ్యి, నేను ఎన్క లైన్ల ఇచ్చొస్త. జల్ది అత్తమ్మా! ఇంకొక్క కంప్లైంట్ వడ్డదంటే పార్సిల్ కంపినోల్లు నా ఐడీ బంద్ పెడ్తరు, పనివోతది" అన్నది. ఇచ్చినట్టే అని ఫోన్ల గూడ నొక్కేసింది.

నేనేం జేసిన? బిర్యానీ ఒళ్లె వెట్టుకొని మెట్ల మీద కూసున్న. లేస్తడు, ఇస్త అని. కూరగాయలాయన "టమాటా..." అని మొత్తుకుంట వచ్చిండు. "నీ గొంతు పాడుగాను, మనిషి పండుకున్నడు!" అని ఎల్లగొట్టిన. పక్కింటామె కుక్కర్ సీటీ కొడితే ఆమె మీద గూడ ఒర్రిన!

అర్ధగంటకు దర్వాజ ధన్‌మని తెరిసిండు. కండ్లు ఎర్రగున్నయ్.

"ఎవరవ్వా నువ్వు, గీ లొల్లేంది?"

"నిన్ను లేపొద్దని బిడ్డా..."

"నేను పండుకుంటే గదా! ఆకలికి నిద్ర వడ్తలేదనే ఆర్డర్ వెట్టిన! ఇచ్చినమని ఫోన్ల వచ్చె, మనిషి జాడలేకపాయె. కంప్లైంట్ గూడ వెట్టేసిన!"

మల్ల ఆయనకే పాపమనిపించి "కంప్లైంట్ వాపస్ తీస్కుంట అవ్వా" అని నొక్కిండు, నొక్కిండు. ఒక్కసారి పెట్టినంక వాపస్ రాదట!

ఎన్క లైన్లకెల్లి వచ్చిన స్వప్న తలకాయ పట్టుకున్నది. "ఒక్క బెల్ కొడ్తె ఏమయితుండె అత్తమ్మా?"

"నైట్ షిఫ్ట్ చేసొస్తే ముప్పై ఏండ్లు మీ మామ నిద్ర కాసిన. సొంత అన్న వచ్చినా బయటనే కూసోవెట్టిన. నా చెయ్యి బెల్ మీదికి పోదు బిడ్డా! గా కంపినోల్లకు ఫోన్ కలుపు, నేను మాట్లాడ్త."

కలిపింది. అవుతల మిషిని. తెలుగుకు రెండు నొక్కుమన్నది, నొక్కిన. ఇగ నోరారా తిట్టిన. "బొగ్గుబాయి మనిషి పెండ్లాన్ని, మీకు భయపడ్తనా? తప్పు నాది. తీసేస్తే నా పేరు తీసెయ్యిండ్రి!"

నా పేరు అండ్ల ఉంటే గదా!

తెల్లారేసరికి ఫోన్ల స్వప్న ఐడీ లేదు.