తాబేలు తొట్టిలో షాబాద్ బండ

ఇన్నేండ్లుగా నేను అడుగుతున్న ఒక్క మాటకు మా ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు. మొన్న ఆదివారం మా అన్న మనుమడి ఇంటికి పోతే, హాల్లో అద్దాల తొట్టి, అందులో రెండు తాబేళ్లు, పైన వెచ్చటి లైటు, ఎక్కి కూర్చోవడానికి ఒక వాలు రాయి కనిపించినయి. ఆరిన రాయి లేకుంటే అవి బతకవని దుకాణంవాడు చెప్పిండట. ఈ పని లాల్‌దర్వాజా ఇంట్లో నేను ఎప్పుడో చేసిన అని చెప్పబోతే, "తాతా, జర పక్కకు జరుగు, ఫోటో తీస్తున్న" అన్నడు మనుమడు. జరిగిన. నా ఈడువాళ్లు జరగమనరు, కూర్చొని వింటరని మీకు చెప్తున్న.

అప్పటికి నాకు ఫిట్టర్ కొలువు దొరికి ఏడాది కాలేదు. కిషన్‌బాగ్ నుంచి వచ్చే తోటి ఫిట్టర్, వాన నీళ్లకు వాళ్ల వాకిట్లోకి కొట్టుకొచ్చిందని అరచేతి అంత తాబేలును టిఫిన్ డబ్బాలో తెచ్చి నా చేతిలో పెట్టిండు. మాది రెండు గదుల కిరాయి ఇల్లు, అమ్మ, అన్న, వదిన, నేను, వాకిట్లో ఒక నల్లా. పాత డ్రమ్మును సగానికి కోయించి, అంచును ఆకురాయితో నున్నగా రుద్ది, అడుగున ఇసుక పరిచి, సగందాకా నీళ్లు పోసి, నేలకు పరిచే షాబాద్ బండ ముక్క ఒకటి ఏటవాలుగా ఆనించిన. తాబేలు బయటికి దాటకుండా, బండ కొస డ్రమ్ము అంచుకు బెత్తెడు కిందనే ఉండాలని కొలిచి మరీ పెట్టిన. తాబేలు ఈదినంతసేపు ఈది, బండ ఎక్కి, మెడ సాచి, వెనుక కాళ్లు చాపుకొని ఎండకు పడుకునేది.

మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి బండ నల్లా దగ్గర ఉంది, తాబేలు ఆగకుండా ఈదుతూ గోర్లతో రేకును గీకుతున్నది. మళ్లీ పెట్టిన. రెండు రోజులకు మళ్లీ తీసిండ్రు. నీళ్లల్ల పుట్టినదాన్ని ఎండల కూసోవెట్టి దాని ఉసురు పోసుకుంటవా నాయినా అన్నది అమ్మ, కానీ బండ తను ముట్టలేదన్నది. వదిన అటు దిక్కే చూడలేదన్నది, బండ మీద మాత్రం బట్టలుతికిన సబ్బు మరక ఉంది. "దానికి మస్తు మర్యాదలు చేస్తున్నవ్‌రా, నాకు సుత ఎండల గిట్ల ఒక మంచం వెయ్యి" అని అన్న నవ్విండు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

నెల రోజులు నేను పెట్టుడు, ఎవరో తీసుడు. ఒకరోజు అమ్మ ధూల్‌పేట్‌లో చిన్నమ్మ ఇంటికి పోయింది, అన్న తన పనికి, నేను పొద్దుటి షిఫ్టుకు పోయినం. తిరిగొచ్చేసరికి తొట్టి బోర్లించి ఉంది, తాబేలు లేదు. అదే ఎక్కడికో పోయింది అన్నది వదిన. మోకాలెత్తు రేకును అరచేతంత జీవి ఎట్ల ఎక్కుతదని నేనడిగితే, అన్న అన్నం కలుపుకుంటూనే, "నువ్వే మెట్లు కట్టిస్తివి కదరా, ఎక్కి దిగిపోయింది. ఇగ లొల్లి బంద్ చెయ్" అన్నడు.

నాలుగు రోజులు గల్లీల మురుగు మోరీలన్నీ వెతికిన. బండ తొట్టిలోనే ఉంటే, నా కొలత తప్పి తాబేలు దాని మీదికెక్కి పోయినట్టు, అంటే పోగొట్టింది నేనే. బండ లేకుంటే ఎవరో చేత్తో తీసి పారేసినట్టు. ఆ పొద్దున నేను బండ పెట్టిన్నా? పెట్టిన అనే నాకు గుర్తు. కానీ ఆ నెలంతా పొద్దున్నే అదే పని చేసిన కాబట్టి, గుర్తున్నది ఆ రోజో, ముందటి రోజో ఎంత తన్నుకున్నా తేలదు. ఇంటికొచ్చేసరికి బండ నల్లా కింద తడిగా ఉంది. తాబేలు పోయినంక తీసిండ్రా, పోకముందే తీసిండ్రా?

ఇప్పుడు ఆ వాకిలి లేదు, నల్లా ఉన్నచోట మూడంతస్తుల మెట్లు లేచినయి. తాబేలు సుఖం గురించి అడిగితే దుకాణంవాడే రాయి ఏరి ఇస్తున్నడు, ఎవరూ నవ్వుతలేరు. అమ్మ పోయింది, అన్న పోయిండు. ఆ రోజు ఇంట్లో ఉన్నది వదిన ఒక్కతే. మొన్న మనుమడి ఇంట్లోనే ఆమె పక్కన కూర్చొని మెల్లగా అడిగితే, బీపీ గోలి వేసుకున్నవా అని నన్నే అడిగింది.

వేసుకున్న వదినా. నీ మీద కోపం లేదంటే అబద్ధం, కానీ తప్పు నాదైతే ఒప్పుకుంట. ఆ పొద్దున బండ తొట్టిలో ఉండెనా, లేకుండెనా? చెప్పు.