గ్రీజుబాబు పరీక్షగది

గ్రీజుబాబు లిఫ్టు మెకానిక్. తోటివాళ్లు పెట్టిన ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, పెళ్లాం కూడా అలాగే పిలుస్తుంది. మోకాళ్లు అరిగిపోయి, లిఫ్టు గోతిలోకి దిగి ఎక్కేసరికి తల ప్రాణం తోకకొస్తోంది పాపం. సూపర్‌వైజరైతే హాయిగా కుర్చీలో కూర్చోవచ్చు. కానీ దానికి కంపెనీవాళ్లు పెట్టే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. తప్పు వాక్యాలిస్తారు, దిద్దాలి. లిఫ్టుకీ దానికీ ఏం సంబంధమని నన్నడక్కండి, వాళ్లకే తెలీదు.

చదువు చెప్పే గండం ఇంట్లోనే ఉంది. అత్తగారు రిటైరైన ఇంగ్లీషు టీచరు.

"'నిచ్చెన ఎక్కుతూ, లిఫ్టు ఆగిపోయింది' అని రాశారేంటి అల్లుడుగారూ? నిచ్చెన ఎక్కింది లిఫ్టా?"

"కాదండీ, నేనే."

"మరి వాక్యంలో మీరెక్కడ చచ్చా... ఎక్కడున్నారు?"

ఇలా లాభం లేదని ఆవిడ ఇల్లంతా వ్యాకరణం చేసేసింది. హాలు వర్తమానం. బాల్కనీ భవిష్యత్తు. పడగ్గది గతం. ఆ గతానికంటే ముందే అయిపోయి, 'హ్యాడ్' పెట్టాల్సి వచ్చే పనులకి బాత్రూమ్. కొన్నాళ్లకి వాక్యం చదవగానే ఏ గదిలోకి పరిగెత్తాలో గ్రీజుబాబు కాళ్లకి తెలిసిపోయింది. కాళ్లకి మాత్రమే తెలిసిందని ఇంట్లో ఎవరూ గమనించలేదు.

పరీక్ష హాల్లో కూర్చోగానే బుర్ర మొద్దుబారిపోయింది. వర్తమానం ప్రశ్నలు కూర్చున్నచోటే రాశాడు. భవిష్యత్తుకి కిటికీ దగ్గరికెళ్లాడు. గతానికి బల్ల మీద తల వాల్చి పడుకున్నాడు. 'హ్యాడ్' వచ్చినప్పుడల్లా బాత్రూమ్‌కి పరుగు! కాపలా ఉన్న ఆఫీసరుకి ఒళ్లు మండింది.

"చీటీలు ఎక్కడ దాచావయ్యా?"

"చీటీలు లేవు సార్. అక్కడికెళ్తేనే గుర్తొస్తుంది."

ఎవడు నమ్ముతాడు? పేపరు లాక్కుని బయటికి పొమ్మన్నాడు.

వరండాలో కాచుక్కూర్చున్న అత్తగారు సంగతి విని, కొంగు బిగించి లోపలికి దూసుకెళ్లింది.

"మా అల్లుడు మొద్దు. ఒప్పుకుంటాను. దొంగ మాత్రం కాడు! కావాలంటే ఆ బాత్రూమ్‌లో పెట్టి మీరే ప్రశ్న వెయ్యండి."

గ్రీజుబాబుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఆవిడ అతన్ని వెనకేసుకురావడం అదే మొదటిసారి.

జేబులు వెతికి, లోపలికి తోసి, తలుపు బయట నుంచి ఆఫీసరు ఓ తప్పు వాక్యం చదివాడు. అత్తగారు పళ్లు కొరుక్కుంది. అంతలో దిద్దిన వాక్యం, 'హ్యాడ్'తో సహా, గోడలు దద్దరిల్లేలా వినిపించింది. ఇంకోటి చదివితే అదీ వచ్చేసింది.

"సరే, బయటికొచ్చి రాసుకో," అన్నాడు ఆఫీసరు పేపరు తెచ్చి.

"వద్దు సార్. తలుపు కింద నుంచి తోసెయ్యండి."

తోశాడు. అత్తగారు కుర్చీ తెప్పించుకుని తలుపుకి అడ్డంగా కూర్చుంది. అర్జెంటుగా వచ్చి మెలికలు తిరుగుతున్న మేనేజరుని కూడా లోపలికి పోనివ్వలేదు.

"కాస్త ఓపిక పట్టండి బాబూ, లోపల మా అల్లుడు సూపర్‌వైజర్ అవుతున్నాడు," అంది.