పక్క మార్చిన చుట్ట

కంకిపాడు దగ్గర చెరుకు తోటకు నీళ్ళు కడుతూ, నోట్లోని చుట్ట తీసి చూస్తే కొసన నెత్తురంటి ఉంది. కింది పెదవి మీద పుండు. ఎండకు పగిలిందనుకుని వెన్న రాశాను. మానలేదు. మా ఆవిడ రూతమ్మ చుట్ట కంపని నా గ్లాసు కూడా ముట్టదు. మానెయ్యమని పోరింది. మానలేక, ఎడమ పక్క పెట్టే చుట్టను కుడి పక్కకు మార్చాను. అదే నేను చేసుకున్న వైద్యం.

మరుసటి ఎండాకాలానికి పుండు గట్టిపడింది. బెజవాడలో డాక్టరు గారు చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా?" అన్నారు.

"ఆ పక్క కాల్చడం మానేశానండీ."

ఆయన నవ్వలేదు. బయాప్సీలో కేన్సర్ అని తేలింది.

"కింది పెదవి సగం దాకా తీసెయ్యాలి. ఆ ఖాళీలోకి పై పెదవి ముక్క తిప్పి కుడతాం, ఫ్లాప్ అంటారు. అది అతికేదాకా రెండు పెదవులూ కలిసే ఉంటాయి" అన్నారు సర్జన్ గారు.

"చర్చిలో ద్రాక్షరసం గిన్నె కరుచుకుని తాగగలనాండీ?"

"తాగుతావు. కొంచెం కారుతుంది."

ఆపరేషన్ తర్వాత నా నోరు నడిమికి కుట్టేసిన గోతంలా ఉంది. ఒక మూల నుంచి రబ్బరు గొట్టంతో రూతమ్మ గంజి పోసేది. చీము పట్టి కుట్లు ఊడాయి. ఫ్లాప్ నల్లబడితే మొత్తం పోతుందన్నారు. చావుకన్నా అలా బతకడానికే ఎక్కువ భయపడ్డాను. చివరికి నిలిచింది. రెండో ఆపరేషన్‌లో పెదవులు విడదీశారు.

నోరు చిన్నదైపోయింది, ముద్ద పట్టదు. నీళ్ళు ఎత్తి పోసుకుంటే మింగగలను. కానీ మా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఒకటే గిన్నె, కరుచుకునే తాగాలి.

మళ్ళీ చర్చికి వెళ్ళిన మొదటి ఆదివారం ద్రాక్షరసం గడ్డం మీదుగా కారి చొక్కా మీద పడింది. నా పక్కన మోకరించినవాడు ఒకప్పుడు నా ఎంగిలి చుట్ట కాల్చినవాడే. గిన్నె అందుకోకుండా లేచిపోయాడు. అతని వెనకే మిగతావాళ్ళూ లేచారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

రూతమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి, అతను వదిలిన చోట మోకరించింది. పాస్టరు గారు అంచు తుడవబోతే, "తుడవొద్దు, ఇటివ్వండయ్యగారూ" అంది. నేను తాగిన చోటే తాగింది.

ఇప్పటికీ నా తర్వాత గిన్నె అందుకునేది ఆమె ఒక్కతే. నెలనెలా బెజవాడలో, కేన్సర్ పాకి గడ్డలేమైనా లేచాయేమోనని మెడ తడిమి చూస్తారు.

పెదవి మీద పుండు మానకపోతే చుట్ట పక్క మార్చకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. ఇప్పుడు చుట్ట మానేశాను, మా ఇంట్లో ఇద్దరికీ ఒకటే గ్లాసు. దానికోసం నేను పెదవి పోగొట్టుకోవలసింది కాదు.