ఇంగ్లిష్ ఆవు

డిగ్రీ పట్టా చేతికొస్తే లోకం లేచి కుర్చీ వేస్తుందని నమ్మే రోజులవి. బాన్సువాడలో ఒక కిరాయి ఇంట్లో నడిచే ఇంగ్లిష్ మీడియం బడిలో నర్సరీ మిస్‌గా చేరాను. బడి యజమానిని చాటున ‘టై సార్’ అనేవాళ్లం (నడి ఎండాకాలంలోనూ ఆయన మెడకు టై, మా మెడకు ఆయన). పేరెంట్స్ డే బాగా జరిగితేనే నా ఉద్యోగం పర్మనెంట్ అన్నాడు. అది పోతే మా ఊరు కోటగిరికి తిరిగి వెళ్లి, “గంత సదివి ఏం జేసినవ్?” అనే మా బావ మొహం రోజూ చూడాలి.

నా వంతుకు జంతువుల అరుపులు వచ్చాయి. “మన పిల్లలు మొరిగినా ఇంగ్లిష్‌లనే మొరగాలె మిస్” అని టై సార్ ఆజ్ఞ. కోడి ‘కాకడూడుల్‌డూ’, గొర్రె ‘బా’, ఆవు ‘మూ’. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లాడి కోడి ‘కుక్డూకూ’ అనేది, మరాఠీ తల్లి కూతురి కోడి ‘కుకూచ్‌కూ’ అనేది, మిగతా కోళ్లన్నీ ‘కొక్కొరోకో’. రోజూ కోడి కూతకు లేచే పిల్లలకు ఆ కూతే తప్పని చెప్పి, నోరు తిరిగేదాకా వదల్లేదు.

పేరెంట్స్ డే నాడు ఆవు మాస్కు పెట్టుకున్న, బీర్కూర్ నుంచి వచ్చే పిల్ల, నేర్పినట్టే పెదాలు బిగించి “మూ...” అంది. ముందు వరసలోంచి వాళ్ల అవ్వ గాబరాగా లేచింది. ఆవుల మధ్యే ముసలిదైన మనిషి. “ఏందే గట్ల మూల్గుతున్నవ్? కడుపుబ్బిన ఆవు గట్లంటది! నోరు దెర్సి అంబా అను బిడ్డా!” పిల్ల గట్టిగా “అంబా!” అంది. ఇంకేముంది, మూడు భాషల కోళ్లూ ఒక్కసారే కూశాయి. జనం పడీపడీ నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఫోన్లలో తీసుకున్నారు. నేనూ నవ్వాను. గెలిచాననుకున్నాను, పిచ్చిదాన్ని.

మర్నాడు టై సార్ పిలిచి, “పేరెంట్స్ కంప్లెయింట్ చేసిండ్రు. ఇగ రాకు మిస్” అన్నాడు. బస్టాండులో ఆ అవ్వే కనబడి నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు మంచిదానివే బిడ్డా, ఏమనుకోకు. ఇంగ్లిష్ మంచిగొచ్చే మిస్‌ను పెట్టుమని మా కొడుకును నేనే తోలిన. అంబా అనుడు మా కొట్టంల గూడ వస్తది గదా?” ఒళ్లు మండిపోయింది. అయినా “సరే అవ్వా” అని బస్సెక్కి, కోటగిరి దాకా ఏడ్చాను.

ఇప్పుడు ఇంకో ఊళ్లో, ఇంకో బడిలో, పర్మనెంట్‌గానే ఉన్నాను. మా పిల్లలు ‘మూ’ అంటే ఏ అవ్వా లేవదు. తల్లిదండ్రులు తృప్తిగా తలలాడిస్తారు. నవ్విన వాళ్లందరూ తనవాళ్లేననుకున్న ఆ పిచ్చి మిస్ అప్పుడు గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. అది చూసి, తాము బాగా అరిచామనుకుంటారు పిల్లలు, పాపం.