తొమ్మిదో వరస నంబరు

పోయిన మాఘమాసం రెండో గురువారం, పొద్దున్న తొమ్మిదింబావు. ఏలూరులో మా అబ్బాయి ఇంట్లో ఫోను మోగింది. ఫోను మా కోడలిది. తను తలకి పోసుకుంటోంది. తీసి చూస్తే అవతల తాడేపల్లిగూడెం నుంచి తన గైడుగారు. కోడలు కాలేజీలో లెక్కలు చెబుతుంది, పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్ ఆ మధ్యాహ్నం రెండింటిలోగా ఆన్‌లైన్లో పంపాలి. గడువు ఒకసారి పెంచారు, ఇక పెంచరు. అది దాటితే ఇన్నేళ్ల చదువూ గట్టు తెగిన చెరువే.

“అమ్మా, నేను పరీక్ష హాల్లోకి వెళ్లిపోతున్నానండీ, ఒంటిగంట దాకా ఫోను ఉండదు. చిన్న మార్పులున్నాయి. ఎవరైనా రాసుకుంటారా?”

“నేను రాస్తాను, చెప్పండి.”

“మీరాండీ?”

“నేనే. మెల్లిగా చెప్పండి.”

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, కొల్లేటికోటలో చేపల చెరువుల పని చేసుకుంటూ. అంకెలు అంతకు ముందే వచ్చు, చెరువు గట్ల మీద రేకుల మీద రాసుండేవి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను గానీ అంకె తప్పను. ఆయన చెప్పింది చెప్పినట్టు కరెంటు బిల్లు వెనకాల రాశాను. తొమ్మిదో వరసకి నంబరు అక్కర్లేదు, తీసేయాలి. పన్నెండులో ప్లస్ కాదు, మైనస్. పదిహేనులో రెండుతో భాగించాలి. రాసింది తిరిగి చదివి వినిపించాను. సరిగ్గా ఉందమ్మా అని పెట్టేశారు.

కోడలు తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని అలాగే కంప్యూటరు ముందు కూర్చుంది. లెక్కల పుస్తకాలు టైపు చేసే సాఫ్ట్‌వేరు అది. ఒక లెక్క నాలుగైదు వరసలుగా కిందికి దిగుతుంది, ప్రతి వరసకీ కుడి చివర బ్రాకెట్లో నంబరు. నంబరు వద్దనుకుంటే తను ఆ వరస చివర ఏదో చిన్న మాట కొడుతుంది, నంబరు పోతుంది, వరస ఉంటుంది. నేను చదవడం, తను దిద్దడం. నా చదువుతో ఆ ఇంట్లో ఒక పని జరగడం అదే మొదలు.

అన్నీ అయ్యాయి. మొదటి నుంచి చూసుకుంటూ వచ్చి కోడలు ఒకచోట ఆగిపోయింది.

“అత్తయ్యా, ఇక్కడ మైనస్ పెడితే కింద ఏదీ కుదరట్లేదండీ. ఆయన పన్నెండనే అన్నారా?”

“పన్నెండే.”

“కాస్త గుర్తు తెచ్చుకోండి అత్తయ్యా...”

“గుర్తెందుకు, రాశానుగా.”

కైకలూరులో మేత కొట్టుకి బయల్దేరిన మా అబ్బాయి బండి తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “బాగుంది. అమ్మ చేత రాయించావా? నా శుభలేఖ కవరు మీద నా పేరే తప్పు రాసింది.”

“నీ పేరులో అన్ని ఒత్తులు పెట్టింది మీ నాన్న. నన్నంటావేం?”

నోరైతే చేసుకున్నాను గానీ బిల్లు వెనక రాసింది మళ్లీ మళ్లీ చూసుకున్నాను. గైడుగారి ఫోను స్విచాఫ్. గోడ మీద గడియారం పదకొండున్నర. పంపితే తప్పులతో పంపాలి, లేకపోతే మానుకోవాలి. నా అంకె మీద నాకే అనుమానం పుట్టింది.

కోడలు లేచి, గైడుగారికి ఇచ్చిన ప్రింటుకి ఇంకో కాపీ వెతికి తెచ్చింది. కాగితంలో పన్నెండు మీద ఒక వేలు, తెర మీద పన్నెండు మీద ఇంకో వేలు. రెండూ వేరు వేరు వరసలు. కాగితంలో పన్నెండు తెర మీద పదకొండై కూర్చుంది.

“అయ్యో! మీ తప్పు కాదండీ. తొమ్మిదికి నంబరు తీసేశాను కదా, కింద పది కాస్తా తొమ్మిదైపోయింది. దాని కిందవన్నీ ఒక్కో అంకె తగ్గిపోయాయి. తప్పున్న వరస వదిలేసి బాగున్నదాన్ని చెడగొట్టాను.”

“తగ్గిపోవడమేమిటి? ఎవరు తగ్గించారు?”

“అదే మార్చుకుంటుందండీ. ఇంకో పేజీలో ‘పన్నెండు చూడండి’ అని ఉంటే అక్కడా పదకొండు చేసేస్తుంది. మారనిది మీ కాగితం ఒక్కటే.”

కొల్లేటికోటలో మేం పనిచేసినవి నాలుగు చెరువులు. ఒక వరదకి మూడోదాని గట్టు తెగి కొల్లేట్లో కలిసిపోయింది. అయినా నాలుగో చెరువుని ఎవరూ మూడు అనలేదు. ఇప్పటికీ అది నాలుగే. మేత వేసే మనిషి కొత్తవాడైనా నాలుగంటే దాని దగ్గరికే పోతాడు. ఇక్కడేమో ఒక ఇంటి నంబరు రేకు పీకితే వీధిలో ఇళ్లన్నీ కిక్కురుమనకుండా నంబర్లు మార్చేసుకున్నాయి. పైగా దాన్ని సౌకర్యం అంటున్నారు!

కోడలు తొమ్మిదికి మళ్లీ నంబరు పెట్టింది. పాత నంబర్లన్నీ ఎక్కడివక్కడికి వచ్చేశాయి. నేను చూస్తూనే ఉన్నాను, అయినా నమ్మబుద్ధి కాలేదు. చెడగొట్టినవి బాగుచేసి, నా కాగితం చూసి పన్నెండు, పదిహేను దిద్దింది. అన్నీ అయ్యాకే తొమ్మిది నంబరు తీసింది. ఒంటిగంట దాటాక గైడుగారే ఫోను చేశారు.

“పన్నెండులో మైనస్ పెట్టారా? అమ్మగారు రాసుకున్నారు కదండీ.”

“రాశారండీ, పెట్టాను” అంటూనే కోడలు పంపే బటన్ నొక్కింది. చేరినట్టు తెర మీద పడ్డాక తలకున్న తువ్వాలు విప్పింది. మా అబ్బాయి నా వైపు చూడకుండా, “మరి నా శుభలేఖ సంగతో?” అన్నాడు.

ఆ పూట ఆ గదిలో ఉన్నది తడి తలతో మా కోడలు, కొట్టుకి పోకుండా ఆగిపోయిన మా అబ్బాయి, కరెంటు బిల్లు చేత్తో పట్టుకుని నేను. గూడెం నుంచి ఫోనులో గైడుగారు. ఇంకెవరూ లేరు.