బొడ్డమ్మ పిడికెడు బియ్యం

నాకు కనిపించిన ప్రతిదాని గురించీ అడిగే జబ్బుంది. పలాస నుంచి బయల్దేరి ఉద్దానం ఊళ్లలో పెరటి కొబ్బరికాయలు కొంటూ తిరగడం నా వ్యాపారం. కాయలు లెక్కపెట్టే లోపల ఆ ఇంటివాళ్ల సంగతులన్నీ అడిగేస్తాను. "త్రినాథరావు గారూ, తమరు కాయలు కొనడానికెళ్తన్నారా, జనాభా లెక్కలు రాయడానికా?" అని మా ఆవిడ ఎద్దేవా చేస్తుంది. చేస్తే చెయ్యనీ. అడగకపోతే ఎదుటి మనిషిలో ఏముందో ఎలా తెలుస్తుంది?

గుల్లలపేటలో ఆ రోజు దేవి పెరట్లో కాయలు దింపిస్తున్నాను. గుల్లలపేట అంటే కొబ్బరితోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉన్న చేపల పల్లె. దేవి బేరంలో గట్టిది. మొగుడు సముద్రం మీదికి వెళ్తాడు, ఈవిడ ఇల్లూ నన్నూ ఏలుతుంది. వంటింట్లో చాటలోకి బియ్యం కొలుచుకుని, అందులోంచి ఓ పిడికెడు తీసి పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. డబ్బా మూత మీద పసుపు రాసి, నడిమిన కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"అదేటి దేవీ?"

"యేసయ్య బియ్యం బావా," అంది, చింతపండు నానబెట్టాను అన్నంత మామూలుగా.

నేను గోడకేసి చూశాను. గంగమ్మ తల్లి పటం, దానికి మందారపూలు, పక్కన వెంకన్న కేలండరు. మళ్లీ డబ్బా కేసి చూశాను. యేసయ్యకు పసుపూ కుంకుమా ఏమిటి? కాయలు నేల మీద పడుతున్నాయి గానీ నా మనసు వాటి మీద లేదు.

పక్కింట్లోనూ ఉంది. అక్కడది స్టీలు గిన్నె, దానికీ బొట్టు. అడిగితే "అమ్మోరి బియ్యం" అన్నారు. ఆ పైఇంట్లో మట్టి ముంత, "జబ్బింటి బియ్యం" అన్నారు. ఆ తర్వాతింటి ముసలాయన "ఆడోళ్ల ఏసాలు బాబూ, నన్నడక్కు" అని చుట్ట వెలిగించుకున్నాడు. ఇంటింటికీ పేరు మారుతోంది గానీ పని మాత్రం ఒక్కటే. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఓ పిడికెడు తీసి పక్కన పెడతారు. ఎవరు మొదలెట్టారంటే మాత్రం అందరూ ఒకే వైపు చెయ్యి చూపించారు. ఊరి చివర, సముద్రం వైపు ఇల్లు. బొడ్డమ్మ ఇల్లు.

బొడ్డమ్మ ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తోంది. పొడుగాటి మనిషి, డెబ్బై దగ్గర పడినా నడుం వంగలేదు. ఊరు మొత్తానికి బాప్తీస్మం తీసుకున్న మనిషి ఆవిడొక్కతే. నేను నోరు తెరవకముందే తలెత్తి చూసింది.

"ఏటి బాబూ, సర్వేకొచ్చినావా? రగతం తీసుకెల్లినారు, నుయ్యిలో నీళ్లు తీసుకెల్లినారు. ఇప్పుడు బియ్యం కూడా పట్టుకెల్తారేటి?"

ఉద్దానంలో ఆ మాట ఎందుకన్నదో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బు వచ్చిన ఊళ్లకు ఎన్నేళ్లనుంచో ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు, సీసాలు నింపుకుని పోతూనే ఉన్నారు. నేను సర్వే కాదు, కొబ్బరికాయల మనిషినని చెప్పాను. ఆవిడ నవ్వి పీట జరిపింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత గుల్లలపేట వెళ్లినప్పుడల్లా అదే పీట మీద కూర్చుని ఆవిడ చెప్పింది కొంచెం కొంచెంగా విన్నాను.

ఆవిడ భర్త పైడయ్యకు జబ్బు వచ్చిన రోజుల్లో డయాలసిస్‌కు విశాఖపట్నం పోవాల్సి వచ్చేది. ఆయన చేపల వేట ఆగిపోయింది. ఈవిడ చేపల గంప దింపేసి పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి చేరింది. పక్కన కూర్చుని ఒలిచే మనిషి పేరు భారతి. బొడ్డమ్మ ఏడుస్తూ ఒలిచేది, భారతి ఏమీ అనకుండా తన పని చేసుకునేది. ఒక ఆదివారం సాయంత్రం ఆ భారతి ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో బస్సు దిగి, ఇసుకలో నడిచి, బియ్యం మూట తెచ్చి ఈ గుమ్మంలో దింపింది.

"మీకూ నాకూ ఏటి సుట్టరికం, ఎందుకు తెచ్చినారని గట్టిగానే అడిగినాను బాబూ. 'ప్రార్థనలో నీ పేరొచ్చింది' అన్నారు. 'మా సర్చీలో ఆడోళ్లం వండుకునే ముందల పిడికెడు తీత్తాం, ఎవులింట్లో పొయ్యి ఆరిపోద్దో ఆలింటికి తెత్తాం' అన్నారు. నాను నమ్మనేదు. అబద్ధమని భారతి ఇంటికెల్లి సూసినాను."

"ఎల్లి సూసినావా?" అన్నాను. నా జబ్బున్న మనిషి ఇంకొకరు దొరికినందుకు నాకు సంతోషం వేసింది.

"ఎల్లినాను. ఆలింట్లో ఆ పూటకి సరిపడా బియ్యం నేవు. అందులోంచీ తీసింది. ఇంత కరువులోంచి తియ్యమని సెప్పినోడు ఎలాగుంటాడో సూడాలనిపించింది. అలగెల్లినాను సర్చీకి."

పైడయ్య పోయాక ఇదే ఒడ్డున, ఇదే సముద్రంలో బాప్తీస్మం తీసుకుంది. ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. మొగుడు పోయిన దుఃఖంలో మతి చలించిందని కొందరు, సముద్రంలో దిగి మళ్లీ పైకొచ్చింది కదా గంగమ్మే కాపాడిందని కొందరు అనుకున్నారు. ఇంటికొచ్చి ఆవిడ తన వంటింట్లో ముంత పెట్టుకుంది. నిండితే పలాస చర్చికి పట్టుకెళ్లాలి. కానీ అప్పటికే పక్క సందులో దేవి మామగారు మంచం పట్టాడు. పలాస దాకా ఎందుకని ఆ మూట తీసుకెళ్లి ఆ ఇంట్లో పోసింది. అప్పటికి కొత్తకోడలైన దేవి అది చూసింది. ఆ జబ్బు ఉన్న ఊళ్లో ఈ పనికి ఎవరికీ నచ్చజెప్పాల్సిన అవసరం రాలేదు. ఇవాళ వాళ్ల ఇల్లు, రేపు మన ఇల్లు. ముంతలు ఇల్లిల్లూ పాకిపోయాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక బొడ్డమ్మ సంచితో గుమ్మం గుమ్మానికీ తిరిగేది. ఆడవాళ్లు చాటలో బియ్యం తెచ్చి ఆ సంచిలో పోసేవాళ్లు, ఆవిడ వాటిని జబ్బు ఉన్న ఇళ్లకు మోసుకెళ్లి పోసేది.

"ఇంకేటి కావాలి నీకు? ఊరు ఊరంతా నీ మాట ఇంది," అన్నాను ఓసారి.

ఆవిడ మొహం చిన్నబోయింది. "బియ్యం ఎవులైనా ఇత్తారు బాబూ. ఆయన పేరు ఎవులెత్తుతారు? ఇన్నేళ్లనుంచీ అడుగుతున్నాను ఆయన్ని, నా తర్వాత ఈ ఊర్లో నీ పేరెత్తడానికి ఒక్కలు, ఒక్కలంటే ఒక్కల్ని ఇవ్వమని. ఇవ్వనేదు."

కొడుకు నాగరాజు ప్రతి ఆదివారం తల్లిని బండి మీద చర్చి దగ్గర దింపుతాడు. లోపలికి రాడు, ఎదురుగా టీకొట్లో కూర్చుంటాడు. పడవ దింపే ముందు గంగమ్మకు కాయ కొడతాడు. "నీ దేవుడు నీకు, నా తల్లి నాకు, ఇద్దరూ నన్నే సూత్తారు" అంటాడు నవ్వుతూ. ఆ మాటకు ఆవిడకు కోపమూ రాదు, తృప్తీ ఉండదు. పైగా ఈమధ్య రక్తపరీక్షలో ఆవిడకూ అదే జబ్బని తేలింది. త్వరలోనే డయాలసిస్ మొదలెట్టాలన్నారు. నేను అలవాటు కొద్దీ కొబ్బరిబొండాం కొట్టి ఇస్తే, "డాటర్లు వద్దన్నారు బాబూ, ఉద్దానంలో పుట్టి కొబ్బరినీళ్లు తాగకూడదట" అని పక్కన పెట్టేసింది. చావుకు ఆవిడ భయపడలేదు. తనతోనే ఆ పేరు ఈ ఊళ్లో ఆగిపోతుందనే భయమంతా.

అలాంటి సమయంలో పాస్టరు వచ్చాడు. రాజేంద్ర గారని కొత్తగా వచ్చిన కుర్రాయన, మెత్తటి మనిషి. బొడ్డమ్మ ఆరోగ్యం కోసం ప్రార్థన చేసి వెళ్తుంటే దేవి టీ తాగి వెళ్లమని లోపలికి పిలిచింది. అక్కడ ఆయన డబ్బా చూశాడు, బొట్టు చూశాడు. తిరిగొచ్చి తిట్టలేదు, గొంతు తగ్గించి అడిగాడంతే. "అమ్మా, యేసయ్య పేరున తీసే బియ్యం ప్రసాదంలా అయిపోతోంది కదా?"

బొడ్డమ్మకు కాళ్ల కింద ఇసుక జారిపోయింది. ఇన్నేళ్లూ ఆవిడ గుమ్మం దగ్గరే బియ్యం పుచ్చుకుంది గానీ ఎవరి వంటింట్లోకీ తొంగి చూడలేదు. ఆవిడ ప్రసాదం ముట్టదు. గంగమ్మ పండగకు ఎవరైనా తెస్తే చేతులు జోడించి తిప్పి పంపేస్తుంది. ఊళ్లో అది అందరికీ తెలుసు, ఎవరూ నొచ్చుకోరు. ఇప్పుడేమో తను పెట్టిన ముంతకే పసుపు కుంకుమలు. ఆ రోజే ఇంటింటికీ వెళ్లి "తుడిసేయండి" అంది.

ఆడవాళ్లు నోరు తెరిచారు. "దేవుడికని తీసినదానికి బొట్టెట్టకపోతే ఎలాగ పిన్నీ? యేసయ్యకి సిన్నతనం కాదేటి?" అంది దేవి. "శుక్రారం శుక్రారం కడిగి మరీ ఎడతాం."

వాళ్లు గౌరవించడానికే ఆ పని చేశారు. వాళ్లకు తెలిసిన గౌరవం అదే. బొడ్డమ్మకు అది చెవికెక్కలేదు. "అయితే మీ బియ్యం నాకొద్దు," అని సంచి మడిచి ఇంట్లో పడేసింది.

నాకు ఒళ్లు మండింది. బొట్టు మీద అలిగిన ముసలిదాని మీదా, తుడిస్తే పోయే బొట్టును తుడవని ఆడవాళ్ల మీదా, ఇద్దరి మీదా మండింది. ఎందుకంటే బియ్యం ఎక్కడివక్కడే ఆగిపోయాయి. డబ్బాలు నిండి పొర్లుతున్నాయి. దేవుడి బియ్యం కదా, ఇంట్లో వండుకోరు. బొడ్డమ్మ చెయ్యి పడకుండా ఇంకో ఇంటికి మోయడానికి ధైర్యం చెయ్యరు. మంచం పట్టినవాళ్లు నోరు తెరిచి అడగరు. ఇంత మంచి పని ఇంత చిన్న చుక్క దగ్గర ఆగిపోవడం చూసి బాధ వేసింది.

ఇంతలో బొడ్డమ్మకు డయాలసిస్ మొదలైంది. నాగరాజు తల్లిని పలాస ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావడంతోనే సరిపోయి వేట మానేశాడు. ఎండుచేపల వ్యాపారం ఆగింది. ఆ ఇల్లూ జబ్బిల్లు అయింది.

ఒక ఉదయం దేవి ఫోన్ చేసింది. "బావా, ఇయాల పిన్నికి బియ్యం అట్టుకెల్తన్నాం. రా, నీకు అన్నీ సూడాలి కదా." నేను కాయల లారీని వేరేవాళ్లకు అప్పగించి పరిగెత్తాను. తింటుందా, తిప్పి పంపుతుందా? అడక్కుండానే తెలుసుకునే అవకాశం మళ్లీ రాదు.

బొడ్డమ్మ వసారాలో మంచం మీద పడుకుని ఉంది. మొహం పీక్కుపోయింది. ఆడవాళ్లు గుంపుగా చాటలతో వచ్చారు. బియ్యంలో అక్కడక్కడా పసుపంటిన గింజలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ తల తిప్పి చూసింది.

"నాను తిననని తెలుసు కదే. ఎందుకు తెచ్చినావు? ఏ డబ్బాల్లోవి ఇవి?"

ఇంకేముంది, గొడవే అనుకున్నాను. దేవి చాట కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది. వెనకున్న వాళ్లందరూ కొంగులు కప్పుకున్నారు. దేవి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ ఇంటి పొయ్యి ఆరనీకు. మంచం మీదున్న బొడ్డమ్మని నీ సేత్తో అట్టుకో. నాగరాజుని ఏటకెల్లినపుడల్లా ఒడ్డుకి సేర్చు. ఈ బియ్యం ఎవులింటివో పుచ్చుకున్నోళ్లు అడక్కండా, ఎవులికిచ్చినామో మేం సెప్పుకోకండా సూడు. యేసునామంలో అడుగుతున్నాం తండ్రీ."

అని ఆగిపోయింది.

బొడ్డమ్మ మోచేతి మీద లేచింది. అవి ఆవిడ మాటలే. జబ్బింటి గుమ్మంలో బియ్యం పోసే ముందు ఇన్నేళ్లూ ఆవిడ చేసిన ప్రార్థన అదే, ఆ ఇంటివాళ్ల పేర్లు మాత్రమే మారేవి. "ఎవులు నేర్పినారే నీకిది?" అంది.

"నేర్పడమేటి పిన్నీ? ఇది సెప్పకండా బియ్యం పొయ్యకూడదు కదా? నా కోడలికీ వొచ్చు. డొంకూరులో మా పెద్దగుంటకీ వొచ్చు. అత్తారింట్లో డబ్బా ఎట్టింది, ఆలూర్లోనూ జబ్బిళ్లున్నాయట." దేవి ఇంకా కళ్లు తెరవలేదు. "బేగి ఆమెనను. పుచ్చుకున్నోళ్లే అనాలని నువ్వే సెప్పినావు. నువ్వనకపోతే నాను పొయ్యను."

బొడ్డమ్మ చాటలోని బియ్యం వైపు చూసింది. ఎవరింటివో అడక్కుండా చూడమని తను దేవుణ్ని అడుగుతూ వచ్చింది, ఇప్పుడు తనే అడిగింది. అది ఆవిడకు తట్టిందని నాకు ఆవిడ మొహంలోనే తెలిసిపోయింది. కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి జారాయి, తుడుచుకోలేదు.

"ఆమెన్," అంది.

ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బియ్యం పోశారు. నాగరాజు సంచి మూతి పట్టుకుని నిలబడ్డాడు. వాడి కళ్లూ తడిశాయి. బొడ్డమ్మ దేవి చెయ్యి పట్టుకుని, "బాప్తీస్మం తీసుకుంటావేటే?" అంది ఆశగా.

"ఓలమ్మ, మా గంగమ్మ ఊరుకుంటాదేటి!" అని దేవి నాలుక కరుచుకుంది. అందరూ నవ్వారు, బొడ్డమ్మ కూడా నవ్వింది.

నా జబ్బు ఊరుకోదు కదా. "మరి పాస్టరు గారికేటి సెప్తావు?" అన్నాను.

"సెప్పడమెందుకు బాబూ, రమ్మంతాను. దేవి ప్రార్థన సేత్తాది, ఇని ఎల్తాడు." నాగరాజు చేతిలోని సంచిని తడిమింది. "నా తర్వాత ఎవులు, ఎవులు అని ఇన్నేళ్లూ ఆయన పేనం తీసినాను. ఒక్కల్ని అడిగితే ఊరంతటినీ ఇచ్చేసి, నాకు సెప్పకండా నవ్వుకున్నాడు సూడు!"

తర్వాత లోపలికి తిరిగి నాగరాజు భార్యను కేకేసింది. "ఒలే, ఎసరెట్టే. ఈ బియ్యమే."